గ్వాడలూప్‌ని పిల్లలకి చెప్పాలంటే ముందు దాన్ని ఆ పెట్టెలోంచి బయటికి తీయండి

మీ ప్రశ్న చదివానండీ. మీ సొంతూరు బందరు, ప్రస్తుతం ఉండేది ఫ్రాన్స్‌లోని తులూజ్. తొమ్మిదేళ్ల పాపకి స్కూల్లో ఫ్రాన్స్ రీజియన్లలో (మన రాష్ట్రాల్లాంటివి) కరీబియన్ సముద్రంలోని గ్వాడలూప్ వంతుకొచ్చింది, దాని గురించి క్లాసు ముందు ఐదు నిమిషాలు మాట్లాడాలి. మీరు వికీపీడియా చూసి విస్తీర్ణం, జనాభా, రాజధాని అన్నీ రాసిస్తే పాప బట్టీ పట్టలేక ఏడుస్తోంది, పైగా "గ్వాడలూప్ ఎక్కడుంది" అంటే "కోర్సికా పక్కన పెట్టెలో" అంటోంది. పక్కన ఆరేళ్ల తమ్ముడు నేనూ చేస్తానని గోల. ఇదేగా మీ టెన్షన్?

నేను కొన్నేళ్లు గ్వాడలూప్‌లోని ప్వాంతాపిత్ర్ ఊరి దగ్గర ఉండి అక్కడి ప్రైమరీ పిల్లలకి పాఠాలు చెప్పాను, ఇప్పుడు పారిస్ చుట్టుపక్కల చెప్తున్నాను. అందుకని ఇది అక్కడి పిల్లలకీ చెప్పాను, అక్కడికి ఎప్పుడూ వెళ్లని పిల్లలకీ చెప్పాను. పాప చెప్పిన "పెట్టెలో" అన్న జవాబు తప్పని కొట్టిపారేయకండి. తన కళ్లకి కనిపించిందే చెప్పింది. మన గోడల మీద వేలాడే ఫ్రాన్స్ మ్యాపుల్లో గ్వాడలూప్, మార్టినిక్, గయానా, రేయూనియన్, మయోత్ ఈ ఐదింటినీ ఒక మూల చిన్న చిన్న పెట్టెల్లో వరసగా పెట్టేస్తారు. అందులో గయానా 83 వేల చదరపు కిలోమీటర్లకు పైనే, గ్వాడలూప్ మొత్తం కలిపితే 1,628. అంటే 50 రెట్లు తేడా. పెట్టెలు మాత్రం రెండూ ఒకే సైజు! ఆ మ్యాపు చూసిన పిల్లకి దూరమూ తెలియదు, సైజూ తెలియదు, దిక్కూ తెలియదు. ఈ మూడూ తెలియకుండా మీరు రాసిచ్చిన అంకెలు పట్టుకుని ఏం చేసుకుంటుంది చెప్పండి.

కాబట్టి మొదటి పని, ఆ కాగితం పక్కన పెట్టి గ్లోబు తీయండి. గ్లోబు లేకపోతే ఫోన్లో గూగుల్ ఎర్త్ చాలు, కానీ దారం పట్టుకుని కొలిచే వీలుంటుంది కాబట్టి ఈ పనికి గ్లోబే నయం. పారిస్ మీద దారం ఒక కొస పెట్టి అట్లాంటిక్ దాటించి గ్వాడలూప్ దాకా లాగమనండి, సుమారు 6,700 కిలోమీటర్లు. విమానంలో ఎనిమిది గంటలకు పైగా పడుతుంది, అయినా దిగాక చేతిలో ఉండేది యూరోలే, పోస్టాఫీసు ఫ్రాన్స్‌దే, స్కూల్లో పుస్తకాలూ ఫ్రాన్స్‌వే. ఇది పిల్లలకి వింతగా ఉంటుంది, ఉండనివ్వండి. మీ పర్సులోంచి ఒక యూరో నోటు తీసి వెనక్కి తిప్పండి. యూరప్ మ్యాపుకి కింద చిన్న చిన్న గళ్లలో చుక్కల్లాంటి బొమ్మలుంటాయి, వాటిలో ఒకటి గ్వాడలూప్. భూతద్దం ఇచ్చి వెతకమంటే ఆరేళ్లవాడు కూడా కుదురుగా కూర్చుంటాడు.

ఇప్పుడు మీకు మాత్రమే పనికొచ్చే ఒక విషయం. గ్లోబు మీద ప్వాంతాపిత్ర్ దగ్గర వేలు పెట్టి అదే అడ్డగీత వెంబడి తూర్పుకి వెళ్లండి. అట్లాంటిక్, ఆఫ్రికా, ఎర్ర సముద్రం, అరేబియా దాటి నేరుగా మీ బందరుకి వస్తారు! రెండూ 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన, తేడా ఆరేడు కిలోమీటర్లే. గ్వాడలూప్ రాజధాని బాస్-తేర్ ఊరైతే ఇంచుమించు బాపట్ల గీత మీద ఉంటుంది. పాపకి ఇది ఎందుకు చెప్పాలంటే, ఒకే అక్షాంశం అంటే ఒకే ఎండ వాలు, ఏడాదిలో ఏ రోజు చూసినా రెండు చోట్లా పగటి పొడవు ఒకటే. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి పది రోజుల్లో ఇంకోసారి, రెండు చోట్లా మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా పాతిన కర్రకి నీడ పడదు. మరి బందరులో మే నెలలో 40 దాటి నిప్పులు చెరుగుతుంటే అక్కడ 31, 32 దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? ఈ ప్రశ్న పాపనే అడగండి, వెంటనే జవాబు చెప్పేయకండి. రెండూ సముద్రం పక్కనే కదా అని అదే అంటుంది. అప్పుడు గాలి సంగతి తీయండి. మేలో బందరుకి పడమటి నుంచి, కాగిపోయిన నేల మీదుగా వడగాలి వస్తుంది. గ్వాడలూప్‌కి ఏడాదిలో ఎక్కువ రోజులు తూర్పు నుంచి, వేల కిలోమీటర్ల నీళ్ల మీదుగా గాలి వస్తుంది. అక్కడ వాటిని అలిజే అంటారు, మన పుస్తకాల్లో వ్యాపార పవనాలు. ఇంకేం గుర్తులేకపోయినా ఈ తూర్పు గాలి ఒక్కటి పాప బుర్రలో ఉండాలి, మిగతా పాఠం సగానికి సగం దీన్నుంచే వస్తుంది.

టైము సంగతి కూడా ఇక్కడే తేల్చేయండి. బందరుకీ ప్వాంతాపిత్ర్‌కీ తొమ్మిదిన్నర గంటల తేడా. తులూజ్ నుంచి చూస్తే చలికాలంలో ఐదు గంటలు, ఎండాకాలంలో ఆరు, ఎందుకంటే గ్వాడలూప్‌లో గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పరు. అమ్మమ్మకి ఫోన్ చేసేటప్పుడు "ఇప్పుడు గ్వాడలూప్ పిల్లలు ఏం చేస్తుంటారు" అని ఒక్కసారి అడగండి చాలు.

ఇక అసలు పని, చేత్తో ద్వీపం చేయడం. నేను ఎక్కడ పాఠం చెప్పినా దీనికే ఎక్కువ టైము ఇస్తాను. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, తడిపి చపాతీ పిండిలా కలుపుకోండి (ఉప్పు పడితే బూజు పట్టదు, ఎండాక రంగులు వేసుకోవచ్చు). ఒక అట్ట మీద గ్వాడలూప్ ఆకారం గీయండి, రెక్కలు చాపిన సీతాకోకచిలుకలా ఉంటుందని అందరూ అంటారు, నిజంగానే ఉంటుంది. తూర్పు నుంచి పడమరకి 45 సెంటీమీటర్లు వచ్చేలా గీస్తే లెక్క సులువు. అసలు వెడల్పు ఇంచుమించు 67 కిలోమీటర్లు కాబట్టి ఒక సెంటీమీటరుకి కిలోమీటరున్నర పడుతుంది. ఎడమ రెక్క, అంటే పడమటిది, బాస్-తేర్. కుడి రెక్క గ్రాండ్-తేర్. రెండింటి మధ్య రివియేర్ సలే అనే సన్నని ఉప్పునీటి పాయ. పేరుకి నది అంటారు కానీ అది రెండు వైపులా సముద్రంలోకే తెరుచుకునే ఇరుకు కాలువ, రెండు గట్ల మీదా మడ అడవులు. కోరింగ మడ అడవి చూసిన పిల్లలైతే "అలాంటిదే" అని చెప్పండి. ఆ పాయ మీద వంతెనలు రెండు. అందులో లా గబార్ వంతెన మీద పొద్దున్నే ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కోని గ్వాడలూప్ మనిషి ఉండడు, ఎందుకంటే ఇటు రెక్క నుంచి అటు రెక్కకి ఉద్యోగానికి పోవాలంటే ఈ వంతెనలు తప్ప వేరే దారి లేదు. పిల్లలకి ఇలాంటివి బాగా ఎక్కుతాయి.

ఇప్పుడు పిండి పెట్టాలి. ఏ పిల్లాడికి ఇచ్చినా చేసేది ఒకటే, ఎడమ రెక్క మీద ఇంత ఎత్తు కొండ పోసి పైన గుంట పెట్టి ఎర్ర రంగు వేస్తాడు. ఆపకండి. చేశాక స్కేలు ఇచ్చి కొలవమనండి. అక్కడి అగ్నిపర్వతం సూఫ్రియేర్ ఎత్తు 1,467 మీటర్లు, మన అట్ట కొలతలో అది ఒక సెంటీమీటరు కంటే తక్కువే! గ్రాండ్-తేర్‌లో ఎత్తయిన గుట్ట 135 మీటర్ల దగ్గర, అంటే మన అట్ట మీద ఒక మిల్లీమీటరు కూడా రాదు. పిల్లలు నోరు తెరుస్తారు. ఆ తర్వాత కావాలంటే రెండింతలో మూడింతలో ఎత్తు పెంచుకోనివ్వండి, క్లాసులో వెనక బెంచీ వాళ్లకి కనపడాలి కదా, కానీ రెండు రెక్కలకీ ఒకే లెక్కన పెంచాలి. ఎడమ రెక్కలో ఉత్తరం నుంచి దక్షిణానికి కొండల వెన్నెముక, దక్షిణం చివర్లో సూఫ్రియేర్. కుడి రెక్క ఇంచుమించు బల్లపరుపు, మధ్యలో గ్రాన్-ఫోన్ అనే చోట మాత్రం చిన్న చిన్న గుట్టలూ లోయలూ. ఇది చేత్తో నొక్కిన పిల్లకి "బాస్-తేర్ పర్వతప్రాంతం, గ్రాండ్-తేర్ మైదానం" అని బట్టీ పట్టించే అవసరమే రాదు.

రెండు రెక్కలు ఎందుకింత తేడా అంటే రెండూ పుట్టిన తీరు వేరు. అట్లాంటిక్ అడుగు నేల కరీబియన్ ఫలకం (భూమి పైపొరలోని ఒక పెద్ద పలక) కిందికి ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున దూరుతోంది, మన గోళ్లు పెరిగే వేగం కంటే కూడా తక్కువే. ఆ లోపలి గొడవలోంచి పైకి వచ్చిన అగ్నిపర్వతాల వరసలో బాస్-తేర్ ఒకటి. గ్రాండ్-తేర్ మాత్రం సముద్రంలో పగడాలూ గవ్వలూ పేరుకుపోయి తర్వాత పైకి లేచిన సున్నపురాయి. దీన్ని వంటింట్లోనే చూపించొచ్చు. గుడ్డు పెంకు ముక్కని వెనిగర్‌లో వేస్తే బుడగలు వస్తాయి, సున్నపురాయి కూడా ఆమ్లానికి అలాగే స్పందిస్తుంది. వాన నీటికి కూడా కొంచెం ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి ఆ రాయి నెమ్మదిగా కరిగి నీరు లోపలికి ఇంకిపోతుంది, అందుకే గ్రాండ్-తేర్‌లో చెప్పుకోదగ్గ నది కనిపించదు. చాక్‌పీసుతో మాత్రం ప్రయత్నించకండి, ఇప్పుడొచ్చే చాక్‌పీసులు చాలావరకు జిప్సమ్‌వి, వెనిగర్‌లో వేస్తే ఏమీ కాదు, పిల్లలు మీ మొహం చూస్తారు. ఇంకోటి, బీచ్ ఇసుక. గ్రాండ్-తేర్ దక్షిణం వైపు తెల్లటి ఇసుక, పగడం పొడి అది. బాస్-తేర్ పడమటి ఒడ్డున మలాండ్యూర్ దగ్గర నల్లటి ఇసుక, అగ్నిపర్వతం రాయి అరిగి వచ్చింది. ఆ నల్ల ఇసుకలో ఇనుప ఖనిజం రేణువులు ఉంటాయి, అయస్కాంతం పెడితే గడ్డంలా అతుక్కుంటాయి. అక్కడి మా క్లాసులో రెండు సీసాల్లో రెండు ఇసుకలూ పెట్టి మ్యాపు మీద ఎక్కడిదో పెట్టమనేవాళ్లం. మీరు తులూజ్‌లో ఉండి ఇసుక తెప్పించుకోలేరు, ఫోటోలు చాలు, లేదంటే అట్ట మీద ఒడ్డు వెంబడి ఒకవైపు సుజీ రవ్వ, ఇంకోవైపు నల్ల నువ్వులు అంటించండి.

వాన గురించి. ఇక్కడ చాలామంది టీచర్లు కూడా ఒక షార్ట్‌కట్ కొడతారు, పిండి కొండకి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి నీళ్లు స్ప్రే చేసి "చూశారా, ఇటు తడిసింది అటు పొడిగా ఉంది" అంటారు. చూడ్డానికి బావుంటుంది కానీ కారణం తప్పు అర్థమవుతుంది, గాలి నీటిచుక్కల్ని మోసుకొచ్చి కొండకి కొట్టిందనుకుంటారు. గాలి తెచ్చేది కంటికి కనిపించని ఆవిరి. కొండ అడ్డొచ్చేసరికి గాలి పైకి ఎక్కుతుంది, ఎక్కినకొద్దీ చల్లబడుతుంది, చల్లబడితే ఆవిరి నీళ్లవుతుంది. దీనికి అన్నం ఉడికే గిన్నె మీద చల్లటి స్టీలు మూత కాస్త వాలుగా పట్టుకుంటే సరి, చుక్కలు కట్టి జారడం కళ్లముందే కనపడుతుంది (మూత మీరే పట్టుకోండి, చెయ్యి కాలుతుంది). తర్వాత అట్ట దగ్గరికి రండి. తూర్పు నుంచి గాలి. మొదట తగిలేది గ్రాండ్-తేర్, బల్లపరుపు, గాలికి ఎక్కాల్సిన పని లేదు, వాన తక్కువ. తూర్పు కొస ప్వాంత్-దే-షాతో దగ్గర ఏడాదికి ఒక మీటరు వాన పడితే గొప్ప. అదే గాలి బాస్-తేర్ కొండల్ని గుద్దుకుంటుంది. సూఫ్రియేర్ శిఖరం మీద ఏడాదికి పది మీటర్ల దాకా వాన పడుతుంది, మూడంతస్తుల మేడ ఎత్తు నీరన్నమాట. కొండ దాటిన గాలి పడమటి ఒడ్డుకి దిగేటప్పుడు మళ్లీ వేడెక్కి మేఘాలు విడిపోతాయి, అందుకే అటువైపు ఎండ ఎక్కువ, వాన తక్కువ. రాయలసీమకి నైరుతి వానలు ఎందుకు సరిగ్గా అందవో మీరు చిన్నప్పుడు చదువుకున్నారు కదా, పడమటి కనుమల చాటు అని, అదే లెక్క ఇక్కడ దిక్కు తిప్పి చెప్పుకోవాలి.

ఇంతవరకు వచ్చాక పంటల గురించి మీరు చెప్పక్కర్లేదు, పాపనే అడగండి. "చెరకు ఎక్కడ వేస్తారు, అరటి ఎక్కడ?" అరటికి నీళ్లు బాగా కావాలని బందరు పిల్లకి చెప్పాలా! సూఫ్రియేర్ తూర్పు పాదాల దగ్గర కాపెస్తేర్ చుట్టూ అరటి తోటలు. గ్రాండ్-తేర్ చదును మీద చెరకు, లె మూల్ ఊళ్లో పంచదార ఫ్యాక్టరీ. ఉత్తర బాస్-తేర్‌లోనూ చెరకు ఉందనుకోండి, కానీ తొమ్మిదేళ్లకి ఈ స్థూలమైన లెక్క సరిపోతుంది. మీ సూపర్‌మార్కెట్‌లో అరటిపళ్ల స్టిక్కర్లు చూడమనండి, గ్వాడలూప్, మార్టినిక్ పళ్లు ఫ్రాన్స్ అంతా అమ్ముతారు, ఒక స్టిక్కర్ దొరికితే అట్ట మీద సరైన చోట అంటించొచ్చు.

అగ్నిపర్వతం అంటే పిల్లలందరూ ఎర్రటి లావా అడుగుతారు. సూఫ్రియేర్ అలా ఉండదు. సాన్-క్లోద్ ఊరి పైన బాన్-జోన్ అనే చోట గోరువెచ్చటి నీటి కొలను ఉంటుంది, నడక అక్కణ్ణుంచి మొదలవుతుంది. మొదట దట్టమైన తడి అడవి, పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివైపోయి చివరికి నాచు, గడ్డి. శిఖరం దగ్గర బిలాల్లోంచి ఆవిరి బుసలు కొడుతూ కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. చాలా రోజులు పైనంతా మేఘమే, కష్టపడి ఎక్కినవాడికి పక్కనున్న మనిషి కూడా సరిగ్గా కనపడడు. అక్కడివాళ్లు దాన్ని ముసలావిడ అని పిలుస్తారు. 1976లో ఆ ముసలావిడకి కోపం వచ్చింది. జులైలో పేలుళ్లు, బూడిద. ఆగస్టులో 70 వేల మందికి పైగా జనాన్ని ఊళ్లు ఖాళీ చేయించి ఎక్కువమందిని గ్రాండ్-తేర్‌కి పంపారు. ప్రమాదం ఉందా లేదా అని ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు హరూన్ తాజియెఫ్, క్లోద్ అలెగ్ర్ బహిరంగంగా పోట్లాడుకున్నారు. చివరికి పెద్ద విస్ఫోటనం రాలేదు, లావా రాలేదు, ఎవరూ చనిపోలేదు, జనం నెలల తరబడి ఇళ్లకి దూరంగా ఉండి తిరిగొచ్చారు. పిల్లల్ని ఇక్కడ ఆపి "నువ్వే కలెక్టరువైతే ఖాళీ చేయిస్తావా?" అని అడిగితే చర్చ బాగా నడుస్తుంది, మా పిల్లలు రెండు జట్లయి అరుచుకునేవాళ్లు. పాప మాట్లాడే ఐదు నిమిషాల్లో ఒక నిమిషం దీనికే ఇవ్వమంటాను.

తుఫాన్ల గురించి మీ ఇంట్లో కొత్తగా చెప్పేదేముంది, దివిసీమ పేరు చాలు. అక్కడ హరికేన్ అంటారు, రెండూ ఒకటే. జూన్ నుంచి నవంబర్ దాకా సీజను. 1989 సెప్టెంబర్‌లో వచ్చిన హ్యూగో ఇప్పటికీ అక్కడి పెద్దవాళ్ల నోళ్లలో ఉంది.

మిగతా ద్వీపాలు తొందరగా ముగించండి. దక్షిణాన మరీ-గలాంత్, గుండ్రంగా చపాతీలా, చెరకు, పాత గాలిమరలు, ప్వాంతాపిత్ర్ నుంచి పడవలో ఇంచుమించు గంట. లే సాంత్ చిన్న చిన్న ద్వీపాల గుంపు. తూర్పున లా దేజిరాద్, 11 కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు, సన్నగా కర్రముక్కలా. పిండి ముద్దలు చేసి పెట్టమంటే మీ ఆరేళ్లవాడికి కూడా పని దొరుకుతుంది. పాత అట్లాసుల్లో సేన్-మర్తాన్, సేన్-బార్తెలెమీ కూడా గ్వాడలూప్ కిందే ఉంటాయి, 2007లో విడిపోయాయి, ఇప్పుడు కలపొద్దు.

ఒకచోట మాత్రం పిల్లలు తప్పకుండా తికమక పడతారు. బాస్-తేర్ అనేది ద్వీపం పేరూ, ఊరి పేరూ. ప్రిఫెక్చర్ (మన కలెక్టరాఫీసు లాంటిది), రీజియన్ కౌన్సిల్ ఉన్న రాజధాని బాస్-తేర్ ఊరు, అగ్నిపర్వతం కాళ్ల దగ్గర ఒక మూల. విమానాశ్రయం, పెద్ద రేవు, షాపులు, జనం మాత్రం ప్వాంతాపిత్ర్, లెజాబీమ్ వైపు, సరిగ్గా రెండు రెక్కలు కలిసే చోట. "ఎందుకు అక్కడ?" అంటే అట్ట చూసి పాపే చెప్పగలదు, రెండు వైపులకీ దగ్గర, పైగా లోపలికి ఒదిగిన అఖాతం. గ్వాడలూప్ 1946 నుంచి డిపార్ట్‌మెంటు (మన జిల్లా లాంటిది), నంబరు 971, తర్వాత రీజియన్ కూడా అయింది. ఒకే నేల మీద రెండు పాలనలు ఎలా అనేది తొమ్మిదేళ్లకి అక్కర్లేదు, వదిలేయండి. ఊళ్ల పేర్లు గుర్తుండాలంటే ఆటగాళ్లని పట్టుకోండి: జూడో తెడ్డీ రినెర్ పుట్టింది లెజాబీమ్‌లో, పరుగుల మరీ-జోజె పెరెక్ బాస్-తేర్‌లో, 1998 ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఆటగాడు లిలియన్ తురామ్ ప్వాంతాపిత్ర్‌లో. ఆరేళ్లవాడు ఫుట్‌బాల్ పిచ్చోడైతే తురామ్ పిన్ను వాడే గుచ్చుతాడు. పడవలంటే ఇష్టమున్న పిల్లలకి ఇంకోటుంది, రూట్ ద్యు రమ్, 1978 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే తెరచాప పడవల పోటీ, సేన్-మలో నుంచి ప్వాంతాపిత్ర్ దాకా ఒక్కొక్కరే నడుపుకుంటూ వస్తారు. ఆ పడవలు తిన్నగా గీత గీసినట్టు రావు, చాలావరకు దక్షిణానికి దిగి తూర్పు గాలి అందుకుని తిరుగుతాయి. మళ్లీ అదే గాలి చూశారా.

మనుషుల గురించి. గ్వాడలూప్ అంటే కొబ్బరిచెట్టు, నీలం నీళ్లు, గొడుగు పెట్టిన జ్యూసు గ్లాసు, ఇలాంటి పోస్టరు మాత్రం చేయించొద్దని నా గట్టి మాట. అక్కడ నాలుగు లక్షలకి కాస్త తక్కువ జనం రోజూ ఉద్యోగాలకి పోతూ బతుకుతున్నారు. ఎక్కువమంది పూర్వీకులు ఆఫ్రికా నుంచి బానిసలుగా చెరకు తోటల్లోకి తేబడినవాళ్లు. తొమ్మిదేళ్ల పిల్లకి ఇది చెప్పొచ్చు, దాచాల్సిన పని లేదు, భయపెట్టే వివరాలు లేకుండా రెండు వాక్యాల్లో: ఈ చెరకు పండించడానికి మనుషుల్ని కొనుక్కొచ్చి జీతం లేకుండా పని చేయించారు, 1794లో ఒకసారి బానిసత్వం రద్దు చేసి 1802లో మళ్లీ తెచ్చారు, చివరికి 1848లో పూర్తిగా పోయింది. ప్వాంతాపిత్ర్‌లో పాత పంచదార ఫ్యాక్టరీ స్థలంలో 2015లో దీని మీద మెమోరియల్ ఆక్ట్ అనే పెద్ద స్మారక మ్యూజియం కట్టారు.

బానిసత్వం పోయాక తోటల యజమానులు కూలీల కోసం మన వైపు చూశారు. 1854 డిసెంబర్ చివర్లో ఒరేలీ అనే ఓడ మొదటి భారతీయుల్ని దించింది. 1889 వరకు సుమారు 42 వేల మంది వెళ్లారు, ఎక్కువమంది పుదుచ్చేరి, కారైకాల్ రేవుల్లో ఎక్కిన తమిళులు, కొందరు తెలుగువాళ్లు, ఉత్తరాది వాళ్లూ ఉన్నారు. మన కాకినాడ పక్కనున్న యానాం 1954 దాకా అదే ఫ్రాన్స్ పాలనలో ఉండేదని గుర్తు చేయండి, పాపకి ఆ ఓడలు మరీ పరాయివి అనిపించవు. ఇప్పుడు కూడా కాపెస్తేర్ దగ్గర షాంజీలో రంగురంగుల హిందూ గుడి ఉంది, మారియమ్మ పూజలు జరుగుతాయి. ఇంటిపేర్లు వింటే "అరె, మనవాళ్లే" అనిపిస్తుంది. ఆ కుటుంబాల పిల్లలకి ఫ్రెంచ్ పౌరులుగా ఓటు హక్కు కావాలని హెన్రీ సిదాంబరోమ్ అనే ఆయన 1904 నుంచి పోరాడి 1923లో సాధించారు. అక్కడ అందరి ఇళ్లలో వండే కొలొంబో అనే కూరలో పడేది ధనియాలు, పసుపు, ఆవాలు, మెంతులు, జీలకర్ర. మీ పోపులపెట్టె తీసుకెళ్లి క్లాసులో వాసన చూపిస్తే చాలు, ఆ రోజు మీ పాపే హీరో. (ముందు టీచర్‌ని అడగండి, అలర్జీల గొడవ ఉంటుంది.)

పదేళ్లు దాటిన పిల్లలైతే రెండు విషయాలు కలుపుతాను. ఒకటి నీళ్లు: శిఖరం మీద పది మీటర్ల వాన పడే చోట కుళాయిలు ఎండిపోయి వంతులవారీగా నీళ్లు వదులుతారు. వానలు ఉండేది బాస్-తేర్‌లో, ఎక్కువ జనం ఉండేది అవతల, మధ్యలో పాతబడిన పైపుల్లో సగానికి పైగా నీరు కారిపోతుంది. మేమూ బకెట్లు నింపి పెట్టుకునేవాళ్లం. వాన ఎక్కువుంటే నీళ్ల కరువు ఉండదనుకునే పిల్లలకి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు. రెండోది క్లోర్‌దెకోన్, అరటి తోటల్లో పురుగుకి 1993 వరకు కొట్టిన మందు, ఇప్పటికీ ఆ నేలలోంచి పోలేదు, కొన్ని తీరాల్లో చేపలు పట్టడం కూడా నిషేధం. మీ పాపకి ఇది ఇప్పుడే వద్దు.

ఇక క్లాసులో మాట్లాడే రోజు. చేతిలో కాగితం ఇవ్వకండి, అట్ట ఇవ్వండి. ముందు ఫ్రాన్స్ మ్యాపులోని పెట్టె చూపించి "ఇది ఇక్కడ లేదు" అని మొదలుపెట్టి దారం చూపిస్తుంది. తర్వాత తూర్పు వైపు నిలబడి అట్ట మీద గాలి ఊదుతూ కుడి నుంచి ఎడమకి చెప్పుకుంటూ పోతుంది: చదును, చెరకు, తెల్ల ఇసుక, ఉప్పుపాయ, కొండ, వాన, అరటి, సూఫ్రియేర్, 1976 కథ, నల్ల ఇసుక. చివర్లో పోపులపెట్టె. ఈ వరస చేతికి అలవాటైతే మాటలు వాటంతటవే వస్తాయి, ఎక్కడైనా ఆగిపోయినా అట్ట చూస్తే తర్వాతేమిటో కనిపిస్తుంది. ఇంట్లో తమ్ముడికి రెండుసార్లు చెప్పించండి, వాడు అడ్డదిడ్డంగా అడిగే ప్రశ్నలే మంచి ప్రాక్టీసు. జనాభా, విస్తీర్ణం అట్ట వెనకాల రాసి పెట్టండి, టీచర్ అడిగితే తిప్పి చదువుతుంది, అంతేగాని వాటికోసం ఏడిపించకండి.

చుట్టుపక్కల ద్వీపాలు రాయిస్తే ఉత్తరాన ఆంటిగ్వా, వాయవ్యంగా మోన్సెరా, దక్షిణాన డొమినికా, దాన్ని దాటాకే మార్టినిక్. డొమినికా, డొమినికన్ రిపబ్లిక్ రెండూ వేరు వేరు దేశాలు, రెండోది చాలా దూరంగా హైతీ పక్కన ఉంటుంది. ఇంటర్నెట్‌లో జెండా బొమ్మ తీసి అంటించేటప్పుడు ఇదొక్కటి చూసుకోండి.